బండి మారవలసిన ఊరు

కొన్ని ఊళ్ళకు జనం దేవుణ్ణి చూడటానికి వెళతారు. కొన్ని ఊళ్ళకు కోర్టు పని మీద వెళతారు. మా ఊరికి మాత్రం బండి మారటానికి వస్తారు.

"డోర్నకల్ ఎప్పుడైనా చూశారా అండీ?" అని ఎవరిని అడిగినా, "చూడకేమమ్మా! భద్రాచలం వెళ్ళినప్పుడు అక్కడే కదూ బండి మారాం. అబ్బ, ఏం దోమలు!" అంటారు. వారు చూసినది ప్లాటుఫారం, వంతెన, టీ కొట్టు. గేటు దాటి అవతలికి నాలుగడుగులు వేసినవారు నూటికి ఒకరుంటారో లేదో!

కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే లైను మీద, మహబూబాబాదుకూ ఖమ్మానికీ మధ్య ఉన్నది ఈ చిన్న జంక్షను. నేను పుట్టింది అక్కడే, పెరిగింది అక్కడే. మా నాన్నగారు గూడ్సు గార్డు. అందుచేత ఆ ఊరి మీద నాకు కాస్త పక్షపాతం ఉంటే పాఠకులు మన్నించాలి.

ఇంతకాలానికి ఈ ఊసు ఎత్తటానికి కారణం మా మనుమరాలు. పదేళ్ళ పిల్ల. బడిలో "మా సొంతూరు" అని వ్యాసం వ్రాసుకురమ్మన్నారట.

"అమ్మమ్మా, మన సొంతూరు ఏది?" అన్నది.

"డోర్నకల్" అన్నాను తడుముకోకుండా.

"అక్కడ మనకు ఇల్లున్నదా?"

"లేదు."

"పొలం?"

"లేదు."

"చుట్టాలు?"

"ఇప్పుడెవ్వరూ లేరమ్మా."

"మరి సొంతూరెట్లా అవుతుంది?"

నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను. మరుసటి ఆదివారం పిల్లను వెంటబెట్టుకుని సికిందరాబాదులో బండి ఎక్కాను.

బొగ్గు తెచ్చిన జంక్షను

దారిలో పిల్లకు ఆ లైను కథ చెప్పాను. మీకూ క్లుప్తంగా చెబుతాను.

నిజాం రాజ్యానికి మొదటి రైలు 1874లో వచ్చింది. వాడి నుంచి సికిందరాబాదు వరకు వేశారు. దానిని తూర్పు వైపు పొడిగించాలని 1883లో ఒక పథకం తయారైనది. ఖజానా మీద ఎంత భారం పడుతుందో ప్రజలకు చెప్పకుండా ఇటువంటి ఒప్పందాలు చేయరాదని హైదరాబాదులో కొందరు చదువుకున్నవారు సభలు పెట్టి అడిగారు. "చాందా రైల్వే వ్యవహారం" అని దానికి పేరు. ఆ అడిగినవారిలో ముఖ్యుడు అఘోరనాథ్ చటోపాధ్యాయగారు, అనగా సరోజినీనాయుడుగారి తండ్రి. ఆయనను రాజ్యం నుంచే వెళ్ళగొట్టారు. రైలు లెక్క అడిగినందుకు దేశబహిష్కారం!

లెక్క అడగవలసిన మాటే అది. ఆ ఏడే లండనులో "నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే" కంపెనీ ఏర్పడినది. గ్యారంటీ ఎవరికి? ప్రయాణీకులకు కాదు, వాటాదార్లకు. రైలుకు లాభం వచ్చినా రాకపోయినా వారి పెట్టుబడికి ఏటా నూటికి అయిదు చొప్పున నిజాం సర్కారు పూచీ పడినది. ఆ కంపెనీ లైనును కాజీపేట, వరంగల్లు, డోర్నకల్ మీదుగా సాగించి 1889 నాటికి బెజవాడ చేర్చింది.

ఇక మా ఊరు జంక్షను ఎందుకైనదంటే, బొగ్గు వల్ల. 1871లో భూగర్భశాఖకు చెందిన డాక్టరు కింగ్ అనే ఆయన ఇల్లెందు దగ్గర నేలబొగ్గు ఉన్నదని కనిపెట్టాడు. ఆ పొరల్లో ఒకదానిని నేటికీ "కింగ్ సీము" అనే అంటారు. బొగ్గు భూమిలో ఉంటే ఏం లాభం, మోసుకుపోవటానికి దారి ఉండాలి గదా! 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాదు దక్కన్ కంపెనీ గనుల హక్కు సంపాదించింది. దాని వాటాల బేరంలో జరిగిన చిత్రాలు ఎంతవరకు పోయాయంటే, 1888లో లండను పార్లమెంటు వారు విచారణ సంఘాన్నే వేయవలసి వచ్చింది. ఏమైతేనేం, డోర్నకల్ నుంచి ఇల్లెందుకు పాయ పట్టాలు పడ్డాయి, 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. దక్షిణ దేశపు ఇంజన్లకూ మిల్లులకూ ఆ బొగ్గు మా ఊరి మీదుగానే నడిచింది. ఇల్లెందును మా చిన్నప్పుడు ఎవరూ ఇల్లెందు అనేవారు కారు, "బొగ్గుట్ట" అనేవారు.

1920లో సింగరేణి కాలరీసు కంపెనీ ఏర్పడి, ఆ కంపెనీ ఆస్తులన్నీ తీసుకున్నది. 1945లో దానిని నిజాం సర్కారు కొన్నది. ఈలోగా 1927లో పట్టాలు కొత్తగూడెం దాకా సాగాయి. ఆ చివరి స్టేషనుకు "భద్రాచలం రోడ్డు" అని పేరు పెట్టారు. పేరు చూసి దిగిన యాత్రికులు రాములవారి గోపురం కోసం నలుదిక్కులా వెతుక్కునేవారట. గోపురం అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, గోదావరికి అవతలి ఒడ్డున ఉన్నది!

నాన్నగారి టోపీ

నాన్నగారిది మధిర దగ్గర పల్లె. 1943లో నిజాం స్టేటు రైల్వేలో చేరారు. మొదటి జీతం హాలీ సిక్కా రూపాయల్లో తీసుకున్నారు. బెజవాడ వెళితే అక్కడ ఆ రూపాయి చెల్లదు. కంపెనీ రూపాయిలోకి మార్చుకోవాలి. "ఒకే బండిలో రెండు దేశాలు తిరిగేవాణ్ణి" అనేవారు నవ్వుతూ. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన రోజులను గురించి మాత్రం నవ్వుతూ చెప్పేవారు కారు. డ్యూటీకి వెళ్ళిన మనిషి తిరిగి వచ్చేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించటానికి కూడా చేతులాడేవి కావని అమ్మ అనేది.

ఆయన ఇల్లు మారకుండానే యజమానులు మారారు. 1951 నవంబరులో మా లైను సెంట్రల్ రైల్వేలో కలిసింది. పెద్ద కచ్చేరీ బొంబాయికి పోయింది. 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే ఏర్పడి, ఆ కచ్చేరీ సికిందరాబాదుకు తిరిగివచ్చింది. నాన్నగారి టోపీ మీద ముందు ఎన్.ఎస్.ఆర్. అని ఉండేది, తర్వాత సి.ఆర్. అయింది, ఆపైన ఎస్.సి.ఆర్. అయింది. "అక్షరాలు మారినాయి గానీ, అన్నం చల్లారటం మారలేదు" అనేది అమ్మ. ఎనిమిదింటికి వస్తానన్న మనిషి తెల్లవారుజామున వస్తే మరి చల్లారక ఏమవుతుంది?

కాలనీ కాపురం

ఒక ఊళ్ళో ఏమేమి సౌకర్యాలున్నాయని అడిగితే, మామూలుగా బడి, ఆసుపత్రి, సినిమాహాలు చెబుతారు. మా కాలనీలో సౌకర్యాలన్నిటికీ తల్లి రైలే.

గడియారం అక్కరలేదు. కొత్తగూడెం పాసింజరు కూత వింటే పిల్లలకు తలలు దువ్వాలి. గ్రాండ్ ట్రంకు ఎక్స్‌ప్రెస్ ఊరిని ఊపుకుంటూ పోతే, అమ్మ పోపు దింపి ఒక్క క్షణం కిటికీ వైపు చూసేది. నీళ్ళు రైల్వేవారి కుళాయిలో వచ్చేవి, వారు చెప్పిన వేళకే. ఇంజన్లకు నీళ్ళు పట్టే ఏనుగుతొండం లాంటి గొట్టం దగ్గర మాత్రం వేళాపాళా లేకుండా ధార. "మనుషులకన్నా ఇంజన్లు నయం" అని ఆడవాళ్ళంతా ఏకగ్రీవంగా తీర్మానించేవారు.

వంటకు బొగ్గుల కుంపటి. ఇంజను బూడిద దులిపిన చోట సగం కాలిన బొగ్గు ఏరుకుని, బుట్టలకెత్తి అమ్ముకుని పొట్టపోసుకునే పేద ఆడవాళ్ళు ఎందరో ఉండేవారు. తండాల నుంచి లంబాడీ స్త్రీలు కట్టెలూ కూరగాయలూ తెచ్చేవారు. జ్వరం వస్తే రైల్వే డిస్పెన్సరీలో ఒకే రంగు మందు. అన్ని జబ్బులకూ అదే, అందరికీ నయమయ్యేది. సాయంత్రం పూట మగవారికి ఇన్‌స్టిట్యూటులో క్యారమ్సూ, మూడు రోజుల నాటి పత్రికలూ.

అర్ధరాత్రి పూట లాంతరు పట్టుకుని కాల్‌బాయ్ వచ్చేవాడు. ఏ డ్రైవరు, ఏ గార్డు, ఎన్ని గంటలకు బండి ఎక్కాలో పుస్తకంలో వ్రాసి ఉంటుంది. నిద్ర లేపి సంతకం పెట్టించుకుని పోవాలి. పేరుకు బాయ్ గానీ ఆయనకు యాభై ఏళ్ళు. ఆయన కేక వేస్తే నిద్ర లేవనివారు మా వరుసలో ఇద్దరే ఉండేవారు: లేవవలసిన మనిషి ఒకరు, మా నాయనమ్మ ఒకరు.

కొత్తగూడెం పాయ ఒంటి లైను. ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండా టోకెను గుండు ఇచ్చి పంపేవారు. ఆ ఇనుప గుండును తోలుసంచిలో పెట్టి, బెత్తపు వలయానికి కట్టి, కదులుతున్న ఇంజను మీది మనిషికి పోర్టరు అందిస్తుంటే మా పిల్లలం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. గుండు చేతిలో లేకుండా ఏ డ్రైవరూ బండి కదపకూడదు. మా నాన్నగారు మాట ఇవ్వటాన్ని కూడా దానితోనే పోల్చేవారు. "గుండు చేతిలో లేనిది బయలుదేరకు" అంటే, చేయగలనని తేలనిది ఒప్పుకోకు అని అర్థం.

ముగ్గురి మాటా నిజమే

స్టేషను దాటి ఊళ్ళోకి వెళితే ఒక అపురూపమైన కట్టడం కనబడుతుంది. బండి మారే తొందరలో జనం చూడకుండా పోయేది దీనినే. డోర్నకల్ కథీడ్రల్.

తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఈ మారుమూలకు వచ్చి, తెలుగు నేర్చి, ఇక్కడే ఉండిపోయారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పు పదవి ఇచ్చారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. దేశాన్ని దొరలు ఏలుతున్న రోజుల్లో, దొరల మతసంఘంలో, ఒక నల్లవాడు పెద్దగా కూర్చోవటం చిన్న విషయం కాదు. ఆయన పీఠం కలకత్తాలోనో మద్రాసులోనో కాక, బొగ్గుబండ్లు మారే మా ఊళ్ళో వెలిసింది. కట్టటానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టిన ఈ కథీడ్రల్‌ను 1939లో ప్రతిష్ఠించారు. ఆయన 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఆ కట్టడాన్ని సీమ పద్ధతిలో కట్టించలేదాయన. పైన గుమ్మటాలు, మినార్ల వంటి స్తంభాలు, లోపల మండపం వంటి అమరిక, రాతిలో తామరలు. మా పక్క క్వార్టర్సులోని డ్రైవరు సాయిబుగారు అది మసీదులా ఉందనేవారు. అమ్మ గుడి మండపంలా ఉందనేది. మిషను బడి టీచరమ్మగారు, మా చర్చి అనేవారు. ముగ్గురి మాటా నిజమే. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఆ వసారా రాతి చల్లదనం మాత్రం మా పిల్లలందరిదీ.

రాముల వారి రద్దీ

శ్రీరామనవమి వస్తే మా ఊరు ఊరు కాదు, తిరనాళ్ళు. ఇటు బెజవాడ వైపు నుంచీ అటు వరంగల్లు వైపు నుంచీ వచ్చిన జనమంతా మా ప్లాటుఫారం మీదనే దిగి, కొత్తగూడెం బండికి కాచుకోవాలి. గోదావరి మీద వంతెన 1965లో గానీ పూర్తికాలేదు. అంతవరకు రైలు దిగి, బస్సు దిగి, పడవ కూడా ఎక్కితేనే కల్యాణం.

ఆ మూడు రోజులూ కాలనీ ఆడవాళ్ళంతా కుండలతో మజ్జిగా పానకమూ చేసి స్టేషనుకు పట్టించేవారు. ఎవరూ చెప్పి చేయించింది కాదు. ముసలివాళ్ళు ప్లాటుఫారం మీద సొమ్మసిల్లటం చూసి ఎవరో ఒక ఏడు మొదలుపెట్టారు, అంతే. సాయిబుగారు ఆ వారంలో సెలవు అడిగేవారు కారు. "పెళ్ళి రాములవారిది, పెళ్ళివారిని చేర్చే పని నాది" అనేవారు.

ఒక పాసింజరు బండి, ఒక చదువు

ఇక నా కథ. 1967లో నా స్కూలు చదువు అయిపోయింది. మా ఊళ్ళో కాలేజీ లేదు. ఖమ్మంలో ఉన్నది. హాస్టల్లో పెట్టి చదివించే స్తోమతు లేదు. పొద్దున ఒక పాసింజరు ఖమ్మం వెళుతుంది, సాయంత్రం ఇంకొకటి తిరిగి వస్తుంది. రైల్వే వారి పిల్లలకు పాసు ఉన్నది. అంతా బాగానే ఉన్నది గానీ, అప్పటివరకు మా వరుసలో ఆడపిల్ల ఎవరూ అట్లా వెళ్ళలేదు.

"రాత్రి బండి ఆలస్యమైతే?" అన్నారు నాన్నగారు.

అమ్మ చదువుకున్నది కాదు, గట్టిగా మాట్లాడేదీ కాదు. ఆ పూట మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి అన్నది: "బండిలో గార్డు మీవాడు. స్టేషన్లో మాస్టరు మీవాడు. గేటు దగ్గర దీపం పట్టుకునేవాడు మీవాడు. ఇంతమంది మనవాళ్ళున్న చోట మన పిల్ల చదువుకోలేకపోతే, ఇరవై ఏళ్ళ మీ ఉద్యోగం ఎందుకండీ?"

నాన్నగారు మాట్లాడలేదు. మరునాడు నా పాసు కాగితం మీద సంతకం చేసి తెచ్చారు.

మొదటి ఏడే వానాకాలంలో ఆయన భయపడినంతా జరిగింది. ఇంజను చెడి సాయంత్రపు బండి పాపటపల్లిలో నిలిచిపోయింది. హోరున వాన. పెట్టెలో దీపం లేదు. నాన్నగారు బొగ్గుబండి మీద కొత్తగూడెంలో ఉన్నారు. ఇంట్లో అమ్మా నాయనమ్మా. ఎనిమిదయింది, తొమ్మిదయింది. ఆ రాత్రితో నా కాలేజీ ముగిసిందనే అనుకున్నాను.

నేను ఇల్లు చేరింది పదకొండు దాటాక. ప్లాటుఫారం మీద దీపాల పనివాడు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "దా బిడ్డా, మీ అమ్మకు అప్పుడే చెప్పొచ్చిన" అన్నాడు. స్టేషను మాస్టరుగారు కంట్రోలు ఫోనులో పాపటపల్లిని అడిగి, పిల్ల బండిలోనే క్షేమంగా ఉన్నదని తెలుసుకుని, ఎనిమిదిన్నరకే మా ఇంటికి కబురు పంపారట. పాపటపల్లిలో ఎవరో వచ్చి టార్చిలైటు వేసి నా పేరు అడిగి వెళ్ళటం అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

మరునాడు నాన్నగారు వచ్చి అంతా విన్నారు. చాలాసేపు టోపీ తిప్పుతూ కూర్చున్నారు. "సరే, ఇవాళ బండికి వేళవుతున్నది, వెళ్ళు" అన్నారు. అంతే. మరుసటి ఏడు మా కాలనీ నుంచి ఇంకా ముగ్గురు ఆడపిల్లలు నాతో ఆ పాసింజరు ఎక్కారు. నలుగురం నాలుగు ఉద్యోగాలు చేసి పెన్షను తీసుకుంటున్నాం.

ఇల్లు ఖాళీ చేయటం

రైల్వే ఉద్యోగికి ఊరంతా తనదే, ఇల్లు మాత్రం తనది కాదు. 1981లో నాన్నగారు రిటైరయినారు. ఆఖరు బండి వచ్చేటప్పుడు తోటివారు పట్టాల మీద మంచురోజుల్లో వాడే టపాకాయలు పెట్టారు. చక్రం కింద అవి ఒక్కొక్కటే పేలుతుంటే బ్రేకుపెట్టెలో నిలబడి జెండా ఊపుతూ వచ్చారాయన. దిగి, డ్రైవరు సాయిబుగారిని కౌగలించుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చారు.

గడువు లోపల ఇల్లు ఖాళీ చేయాలి. అమ్మ సామాను కట్టింది గానీ, పెరట్లోని కరివేపాకు మొక్కను ఏం చేయాలో తెలియక దాని చుట్టూ తిరిగింది. కొత్తగా వచ్చే ఇల్లాలి కోసం రెండు రోజులు ఆగి, ఆమె చేత నీళ్ళు పోయిస్తానని మాట తీసుకుని గానీ బండి ఎక్కలేదు.

హైదరాబాదులో తమ్ముడి దగ్గర ఉన్నన్నాళ్ళూ నాన్నగారు, ఆ లైను మీద వచ్చిన ప్రతివారినీ ఒకే ప్రశ్న అడిగేవారు: "డోర్నకల్‌లో బండి ఎన్ని నిమిషాలాగింది?" రెండు నిమిషాలంటే ముఖం చిన్నబోయేది. అయిదంటే ఆ పూట అన్నం సయించేది.

ఇప్పటి డోర్నకల్

మేము దిగిన బండి రెండు నిమిషాలే ఆగింది.

1980ల్లోనే ఈ లైనుకు కరెంటు తీగలు వచ్చాయి. నీళ్ళు తాగవలసిన ఇంజన్లు లేవు కనుక, ఆగవలసిన అవసరమూ లేదు. బొగ్గుబండ్లు ఇప్పటికీ వస్తున్నాయి, వెనకటికన్నా పొడుగ్గా. వాటికి మా ఊరి మనుషులతో పని లేదు. 2016లో డోర్నకల్ వరంగల్లు జిల్లా నుంచి విడివడి మహబూబాబాదు జిల్లాలో చేరింది; ఆ తర్వాత మునిసిపాలిటీ కూడా అయింది. బజారు పెరిగింది. కథీడ్రల్ అట్లాగే ఉన్నది. మనుమరాలు వసారాలో చెప్పులు విడిచి రాతి మీద పాదాలు పెట్టి, "అమ్మమ్మా, ఏసీ వేశారా?" అన్నది.

మా క్వార్టర్సు వెతుక్కుంటూ వెళ్ళాం. వరుసలో సగం ఇళ్ళకు తాళాలు. మా ఇంటి పైకప్పు కూలింది. గోడ మీద నంబరు సగం చెరిగింది. నాకు కాళ్ళు కదలలేదు. పిల్ల మాత్రం పెరట్లోకి పోయి పిలిచింది.

కరివేపాకు చెట్టు ఇంటి గోడకన్నా ఎత్తు పెరిగి ఉన్నది. దాని కింద ఒక యువతి కొమ్మ వంచి రెమ్మలు కోసుకుంటున్నది. పట్నా వైపు అమ్మాయి. భర్తకు ఇక్కడ లైను మీద ఉద్యోగమట. వచ్చీ రాని తెలుగులో చెప్పింది: "కాలనీ మొత్తం ఇదే చెట్టు ఆంటీ. ఎవరు పెట్టారో తెల్వదు. ఎండాకాలం అందరం నీళ్ళు పోస్తాం." తను కోసిన దానిలో సగం మనుమరాలి చేతిలో పెట్టింది. మా చెట్టు ఆకు మాకు దానమిచ్చినందుకు నవ్వాలో ఏడవాలో తెలియక, కళ్ళద్దాలు తుడుచుకున్నాను.

తిరుగు బండి కోసం ప్లాటుఫారం మీద కూర్చుంటే, ఖమ్మంలో కంప్యూటరు తరగతికి వెళుతున్న అమ్మాయి ఒకతె పక్కకు వచ్చింది. నేనూ ఈ ప్లాటుఫారం మీదనే చదువుకున్నానంటే సంతోషించింది. "మా అక్క గిట్లనే పోయేదమ్మా" అన్నది. 2020 మార్చిలో దేశమంతటా ప్రయాణీకుల బండ్లు ఆగిన సంగతి మీకు తెలుసు. కాలేజీలు తెరిచాక కూడా అక్కకు వేళకు కుదిరే పాసింజరు వెంటనే తిరిగి రాలేదట. రోజూ ఆటోలకు, బస్సులకు పెట్టుకోలేకపోయారు. డిగ్రీ చివరి ఏడు మానేసి, ఇప్పుడు ఇంట్లో జాకెట్లు కుడుతున్నది. "నేనైతే మాననమ్మా" అన్నది ఆ పిల్ల, బండి వచ్చే వైపు చూస్తూ.

నాన్నగారు ఎన్ని నిమిషాలాగిందని ఎందుకు అడిగేవారో నాకు ఆనాడు తెలిసింది. అది పిచ్చి మమకారమని నవ్వుకునేవాళ్ళం. కానే కాదు. పట్టణంలో ఉన్నవారికి బండి ఒక ప్రయాణ సాధనం. ఇటువంటి ఊరికి అదే కాలేజీ, అదే పెద్దాసుపత్రి, అదే సంత. ఒక బండి ఒక స్టేషన్లో ఆగే రెండు నిమిషాలు తగ్గించటం కాగితం మీద సులువు. ఆ రెండు నిమిషాల్లో ఒక ఆడపిల్ల డిగ్రీ ఉన్నదని కాగితం మీద కనబడదు. నా చదువుకు నా తెలివి కొంత కారణమేమో గానీ, పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ వేళకు ఆగిన ఆ రెండు పాసింజరు బండ్లు అంతకన్న పెద్ద కారణం.

ఇల్లు చేరాక మనుమరాలు వ్యాసం వ్రాసింది. నేను దిద్దబోతే వద్దన్నది. "మా సొంతూరు డోర్నకల్. అక్కడ మాకు ఇల్లు లేదు. మా తాతమ్మ పెట్టిన చెట్టు ఉన్నది. దానికి వేరేవాళ్ళు నీళ్ళు పోస్తున్నారు. మా అమ్మమ్మ అక్కడి రైలెక్కి టీచరయింది" అని మొదలుపెట్టింది. అక్షర దోషాలు రెండున్నాయి. దిద్దలేదు.

పాఠకులకు ఒక్క మనవి. ఈసారి మీరు భద్రాచలం వెళుతూ మా ఊళ్ళో బండి మారేటప్పుడు గంటో రెండు గంటలో వ్యవధి ఉంటే, దోమలను తిట్టుకుంటూ కూర్చోకండి. గేటు దాటి రండి. చల్లని రాతి వసారా ఉన్నది. కోసుకునేవారికి కరివేపాకు కూడా ఉన్నది.